ఇంటి నెట్‌వర్క్‌లోకి రెండు మూడు వర్చువల్ మెషీన్లు: కేబుల్ ఉంటే ఒక దారి, వైఫై అయితే ఇంకో దారి

వర్చువల్‌బాక్స్‌లో (ఒక కంప్యూటర్ లోపల ఇంకో కంప్యూటర్‌ను, అంటే వర్చువల్ మెషీన్‌ను, నడిపే ప్రోగ్రామ్) కొత్త మెషీన్ ఏది పెట్టినా నెట్‌వర్క్ 'నాట్'లోనే (NAT, ల్యాప్‌టాప్ అడ్రస్ వెనక దాగి బయటికి పోయే పద్ధతి) మొదలవుతుంది. లోపల ఇంటర్నెట్ వస్తుంది, అంతా బాగానే ఉందనిపిస్తుంది. రెండో మెషీన్ పెట్టాక తెలుస్తుంది అసలు సంగతి: రెండింటికీ ఐపీ 10.0.2.15 అనే చూపిస్తుంది, ఒకదాని నుంచి ఇంకోదానికి పింగ్ (అవతలి మెషీన్ పలుకుతోందా అని చూసే పరీక్ష) పోదు. నాట్‌లో ఏ మెషీన్ గది దానిదే.

ల్యాప్‌టాప్ నుంచి రూటరుకు కేబుల్ ఉంటే పని సులువు. సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్ తెరిచి, 'అటాచ్డ్ టు' దగ్గర 'బ్రిడ్జ్‌డ్ అడాప్టర్' పెట్టండి. దాని కిందే 'నేమ్' ఉంటుంది, చాలామంది అది చూడరు. అక్కడ ఈథర్నెట్ కార్డు కాకుండా వీపీఎన్ పెట్టిన డమ్మీ కార్డు ఉంటే ఎంతసేపు చూసినా ఐపీ రాదు. సరిగ్గా పెడితే మెషీన్లు రూటరు నుంచే ఐపీ తీసుకుంటాయి, ఇంట్లో ఫోన్ నుంచి కూడా అందుతాయి. ఐపీ మారిపోకూడదనుకుంటే రూటరులో అడ్రస్ రిజర్వేషన్ (ఒక మెషీన్‌కు ఎప్పుడూ అదే ఐపీ ఇచ్చే ఏర్పాటు) చేయండి.

తిరుపతిలో బైరాగిపట్టెడలోనో కొర్లగుంటలోనో మేడమీద గది, రూటరేమో కింద ఓనరు వాళ్ళింట్లో. ఇలాంటి చోట వైఫై మీద బ్రిడ్జ్ పెడితే ఒకరోజు పనిచేస్తుంది, ఒకరోజు చేయదు. వైఫైలో రూటరు తనకు కనెక్టయిన కార్డు మ్యాక్ అడ్రస్‌నే (ప్రతి నెట్‌వర్క్ కార్డుకూ ఉండే గుర్తింపు నంబరు) ఒప్పుకుంటుంది. అందుకే వర్చువల్‌బాక్స్ మెషీన్ల మ్యాక్ తీసేసి ల్యాప్‌టాప్‌ది తగిలించి పంపుతుంది. కొన్ని రూటర్లు, డ్రైవర్ల దగ్గర ఈ ఎత్తు పారదు. హాస్టల్ వైఫైలో లాగిన్ పేజీ ఉంటే బ్రిడ్జ్ జోలికి పోకపోవడమే మేలు.

వైఫైకి 'నాట్ నెట్‌వర్క్' నయం. పేరు దగ్గరే గానీ ఇది మొదట చెప్పిన 'నాట్' ఎంపిక కాదు, వేరే ఎంపిక. నెట్‌వర్క్ మేనేజర్‌లో నాట్ నెట్‌వర్క్స్ ట్యాబ్‌లో ఒకటి తయారుచేసి, అన్ని మెషీన్లకూ అదే ఇవ్వండి. ఒకదానికొకటి కనబడతాయి, ఇంటర్నెట్టూ వస్తుంది. బయటి నుంచి లోపలికి రావాలంటే మాత్రం అక్కడే పోర్ట్ ఫార్వర్డింగ్ (ల్యాప్‌టాప్‌లో ఒక పోర్ట్‌కు వచ్చింది లోపలి మెషీన్‌కు పంపే రూల్) రాయాలి. హోస్ట్ అంటే ల్యాప్‌టాప్, గెస్ట్ అంటే లోపలి మెషీన్. ఎస్ఎస్‌హెచ్‌తో (దూరం నుంచి లాగిన్ అయ్యే పద్ధతి) రావాలంటే: హోస్ట్ పోర్ట్ 2222, గెస్ట్ పోర్ట్ 22, గెస్ట్ ఐపీ ఆ మెషీన్‌ది. రెండో మెషీన్‌కు 2223. ల్యాప్‌టాప్‌లో విండోస్ ఉంటే ఫైర్‌వాల్ అడిగినప్పుడు అనుమతి ఇవ్వండి.

ఉన్న మెషీన్‌ను క్లోన్ (కాపీ) చేసేటప్పుడు మ్యాక్ అడ్రస్‌లు కొత్తవి తయారుచేయమనే ఎంపిక పెట్టాలి, లేకుంటే రెండూ ఒకే ఐపీ కోసం కొట్టుకుంటాయి. ఉబుంటు సర్వర్‌లో మ్యాక్ మార్చినా ఒకే ఐపీ రావచ్చు. ఉబుంటు మెషీన్-ఐడీ (ఇన్‌స్టాల్ అయినప్పుడు తయారయ్యే గుర్తింపు) చూపించి ఐపీ అడుగుతుంది, క్లోన్‌లో ఆ ఐడీ కూడా కాపీ అయిపోయి ఉంటుంది. క్లోన్‌లో ఈటీసీ ఫోల్డర్‌లోని మెషీన్-ఐడీ ఫైలును (/etc/machine-id) ఖాళీ చేసి (డిలీట్ చేయకండి) రీబూట్ చేయండి, కొత్త ఐడీ తయారవుతుంది.

విండోస్ మెషీన్ పింగ్‌కు పలకడం లేదని నెట్‌వర్క్ సెట్టింగులు పీకి పెట్టకండి. దాని ఫైర్‌వాల్ మామూలుగానే పింగ్‌ను ఆపుతుంది. ముందు విండోస్ నుంచి లినక్స్ మెషీన్‌కు పింగ్ కొట్టి చూడండి. అటు పోతోందంటే దారి బాగానే ఉంది, ఫైర్‌వాల్‌లో ఐసీఎంపీ (పింగ్ వాడే పద్ధతి) రూల్ ఒక్కటి తెరిస్తే చాలు.