శ్రీకాకుళం పల్లెల్లో శాసనాలను, పాత అవశేషాలను నమోదు చేసే విధానం

వంశధార ఒడ్డున ఉన్న శాలిహుండం బౌద్ధ క్షేత్రాన్ని 1919లో వెలుగులోకి తెచ్చిన గిడుగు రామమూర్తి పంతులు వృత్తిరీత్యా ఉపాధ్యాయుడు; ముఖలింగం శాసనాల లిపిని ఆయన స్వయంకృషితో చదవడం నేర్చుకున్నారు. కనుక ఔత్సాహికులు సంకోచించనవసరం లేదు.

ముందుగా శ్రీముఖలింగం ఆలయానికి వెళ్లి, అర్చకుల అనుమతి తీసుకొని శాసనాలను పరిశీలించండి. అరిగిన అక్షరాలు నడి ఎండలో కనిపించవు. ఉదయం ఏటవాలు వెలుతురులో గానీ, నీడపట్టున టార్చిని రాతి పక్కనుంచి గోడకు దాదాపు ఆనించినట్లు పట్టుకొని గానీ చూస్తే, గాట్లలో నీడ నిండి ఒక్కో అక్షరం తేలుతుంది. పక్కన స్కేలు పెట్టి, పంక్తులు ఒకదానిపై ఒకటి కలిసేలా ఫొటోలు తీయండి. సుద్ద, నూనె, పసుపు పూయడం రాతికి హాని. ఎవరు సలహా ఇచ్చినా వినవద్దు. శక సంవత్సరం కనిపిస్తే 78 కలపండి, క్రీస్తు శకం సుమారుగా వస్తుంది.

పొలంలో పెంకులు, పాత ఇటుకలు కనిపిస్తే తీయవద్దు, తవ్వవద్దు. చోటు మారిన పెంకు తన సాక్ష్యంలో చాలా భాగం కోల్పోతుంది. ఉన్నచోటనే ఫొటో తీసి, సర్వే నంబరు, తేదీ, రైతు చెప్పిన వివరాలు రాసుకోండి. నేలలో పాతుకుపోయిన పది రూపాయలకు మించిన విలువగల నిధి దొరికితే, 1878 నాటి చట్టం ప్రకారం కలెక్టరుకు తెలియజేయాలి.