ఫొటోకు అంచు కట్టి, కెమెరా వివరాలు రాయడం

అంచు, కెమెరా వివరాలు రెండింటినీ ఉచితంగా దొరికే గింప్ అనే ఫొటో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లోనే చేర్చవచ్చు. కెమెరా నుంచి నేరుగా తీసుకున్న ఫైలుకు నకలు చేసుకుని, ఆ నకలు మీదే పని చేయాలి. వాట్సాప్‌లో మామూలు ఫొటోగా వచ్చిన దానిలో ఎగ్జిఫ్ సమాచారం, అంటే కెమెరా ఫైలులోనే రాసి ఉంచే వివరాలు, మిగలదు.

ముందుగా ఇమేజ్ మెనూలోని మెటాడేటా విభాగం తెరిచి ఫోకల్ లెంగ్త్, అపెర్చర్, షట్టర్ వేగం, ఐఎస్ఓ విలువలను రాసుకోండి. తరువాత బ్యాక్‌గ్రౌండ్ రంగును తెలుపుగా ఎంచుకుని, అదే ఇమేజ్ మెనూలో కాన్వాస్ సైజ్ తెరిచి, వెడల్పు ఎత్తులను కలిపే గొలుసు గుర్తును విడదీయాలి. ఫొటో 6000 × 4000 పిక్సెళ్లయితే, మూడు వైపులా 120, అడుగున 420 వచ్చేలా కొలతలను 6240 × 4540గా మార్చి, ఎక్స్, వై ఆఫ్‌సెట్లు రెండింటికీ 120 ఇవ్వండి. రీసైజ్ నొక్కాక ఫ్లాటెన్ ఇమేజ్ ఎంచుకుంటే ఖాళీ స్థలం తెల్లగా నిండుతుంది. అడుగున వెడల్పు ఎక్కువ ఉంచడం అక్షరాల కోసమే. వాటిని బొమ్మ మీద రాయడం ఛాయాచిత్రానికి అన్యాయమని నా గట్టి అభిప్రాయం.

ఇప్పుడు టెక్స్ట్ టూల్‌తో, సుమారు 110 పిక్సెళ్ల సైజులో, ముదురు బూడిద రంగులో “50 మి.మీ., ఎఫ్/8, 1/250 సెకను, ఐఎస్ఓ 200” అన్నట్లు ఒకే వరుసలో రాయండి. చివరగా ఎక్స్‌పోర్ట్ యాజ్ ద్వారా జేపెగ్‌గా, 90 నాణ్యతతో భద్రపరచండి. ఇంట్లో తీసిన ఫొటో అయితే, ఫైలులో దాగిన జీపీఎస్ స్థానం బయటికి పోకుండా అక్కడే ఎగ్జిఫ్, ఎక్స్‌ఎంపీ (ఫైలులో దాగే అలాంటి మరో రకం వివరాలు) డేటాను భద్రపరిచే ఎంపికల టిక్కులు తప్పక తీసేయండి.