ఇంటి బ్రాడ్‌బ్యాండ్‌ను అన్ని గదులకూ పంచే వైఫై పరికరాలను ఎంచుకోవడం ఎలా?

కొత్త రౌటర్ కొనే ముందు, ఇప్పటికే గోడకు బిగించి ఉన్న పెట్టె ఏమిటో తెలుసుకోవాలి. ఫైబర్ కనెక్షన్ ఇచ్చేవారు అమర్చే ఆ పరికరాన్ని ఓఎన్‌టీ అంటారు. సన్నని ఫైబర్ తీగ గుండా కాంతి రూపంలో వచ్చే సంకేతాన్ని మన రౌటర్లకు, కంప్యూటర్లకు అర్థమయ్యే విద్యుత్ సంకేతంగా మార్చడం దాని పని. బజారులో దొరికే మామూలు రౌటర్‌కు ఫైబర్ తీగను నేరుగా తగిలించడం కుదరదు కనుక, రౌటర్ ఎంత ఖరీదైనది కొన్నా ఓఎన్‌టీ ఉండవలసిందే. అయితే చాలా ఓఎన్‌టీలలో వైఫై కూడా ఉంటుంది. రెండు గదుల ఇంటికి తరచుగా అదే సరిపోతుంది.

సరిపోతోందో లేదో తేల్చుకోవడానికి ఒక ల్యాప్‌టాప్‌ను ల్యాన్ వైరుతో ఓఎన్‌టీకి కలిపి స్పీడ్ టెస్ట్ చేయండి. ఆ తరువాత అదే ల్యాప్‌టాప్‌తో పడకగదిలో వైఫై మీద మళ్ళీ చేయండి. వైరు మీద ప్లాన్‌లో చెప్పిన వేగం వస్తూ, గదిలో మాత్రం పడిపోతుంటే లోపం వైఫైలో ఉన్నట్టు. వైరు మీదే రాకపోతే కొత్త రౌటర్ కొనడం దండగ. ముందు కనెక్షన్ ఇచ్చినవారికి ఫిర్యాదు చేయాలి.

రౌటర్ డబ్బా మీద పెద్దక్షరాలతో ఉండే 1200 వంటి అంకెను చూసి మోసపోకూడదు. అది 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్ (వైఫై వాడుకునే రేడియో తరంగాల శ్రేణి) మీద 300, 5 గిగాహెర్ట్జ్ మీద 867 ఎంబీపీఎస్‌లను కలిపి, పైకి సవరించి వేసిన లెక్క. ఏ ఒక్క ఫోనుకూ అంత వేగం రాదు. అంతకంటే ముఖ్యమైనది వెనకవైపు పోర్టుల సామర్థ్యం. చవక రౌటర్లలో చాలా వాటికి 100 ఎంబీపీఎస్ పోర్టులే ఉంటాయి. అలాంటి దానికి 200 ఎంబీపీఎస్ ప్లాన్‌ను కలిపితే, వైఫై ఎంత గొప్పదైనా సగం వేగం పోర్టు దగ్గరే ఆగిపోతుంది. కాబట్టి వివరాలలో గిగాబిట్ (అంటే 1000 ఎంబీపీఎస్) అనే మాట ఉందో లేదో చూసి కొనండి.

వైరు విషయంలోనూ ఇంతే. ల్యాన్ కేబుల్‌లో ఎనిమిది తీగలుంటాయి. 100 ఎంబీపీఎస్‌కు వాటిలో నాలుగు చాలు, గిగాబిట్‌కు ఎనిమిదీ కావాలి. కొన దగ్గర ఒక్క తీగ సరిగ్గా బిగుసుకోకపోయినా కనెక్షన్ చడీచప్పుడు లేకుండా 100కు దిగిపోవచ్చు. నెట్ వస్తూనే ఉంటుంది కనుక ఎవరికీ అనుమానం రాదు. వైరు తొడుగు మీద క్యాట్ 5ఈ లేదా క్యాట్ 6 అని అచ్చు వేసి ఉండాలి. లోపలి తీగ స్వచ్ఛమైన రాగిదేనా అన్నది కూడా చూసుకోవాలి: బ్లేడుతో గీకినప్పుడు రాగి రంగు కింద తెల్లటి మెరుపు కనిపిస్తే అది రాగి పూత పూసిన అల్యూమినియం అన్నమాట.

రౌటర్ రెండు బ్యాండ్‌లూ ఉన్నదే తీసుకోవాలి. 2.4 గిగాహెర్ట్జ్ గోడలను దాటి ఎక్కువ దూరం పోతుంది కానీ, ఒకదానికొకటి అడ్డం రాకుండా దానిలో వాడుకోగలిగిన చానళ్ళు సాధారణంగా 1, 6, 11 అనే మూడే. హైదరాబాద్ అపార్టుమెంటులో పక్క ఫ్లాట్లవారందరూ వాటినే పంచుకుంటారు. 5 గిగాహెర్ట్జ్ వేగవంతమైనదే అయినా గోడల దగ్గర త్వరగా బలహీనపడుతుంది. సీసీ కెమెరాలు, స్మార్ట్ బల్బులు వంటివి చాలావరకు 2.4 మీదే పనిచేస్తాయి. వైఫై 5 తరువాతి తరమైన వైఫై 6 వల్ల అసలు ప్రయోజనం ఒకేసారి అనేక పరికరాలు నడిచే ఇళ్ళలో, అదీ ఆ పరికరాలకు వైఫై 6 ఉన్నప్పుడే కనబడుతుంది. నలుగురున్న ఇంటికి వైఫై 5 రౌటర్ కూడా చాలు. యాంటెన్నాలు ఎన్ని ఉన్నాయన్న లెక్కను నేనైతే పట్టించుకోను.

రెండంతస్తుల డాబా ఇళ్ళలో చిక్కంతా ఇనుప చువ్వలు వేసిన స్లాబుతోనే వస్తుంది. మేడ మీదికి సిగ్నల్ అందించడానికి నమ్మకమైన మార్గం ల్యాన్ వైరు ఒకటి పైకి లాగి, అక్కడ యాక్సెస్ పాయింట్ (వైరు మీద వచ్చిన నెట్‌ను వైఫైగా పంచే పెట్టె) పెట్టడం. పాత రౌటర్ ఉంటే దానినే ఈ పనికి వాడుకోవచ్చు: దానిలో డీహెచ్‌సీపీని (పరికరాలకు ఐపీ అడ్రసులు, అంటే నెట్‌వర్క్ చిరునామాలు పంచే పనిని) ఆపి, దాని సొంత ఐపీ అడ్రసును ప్రధాన రౌటర్‌తో కలవకుండా మార్చి, వైరును వ్యాన్ పోర్టుకు (బయటి నెట్ వచ్చే వైరుకు ఉద్దేశించినదానికి) కాక ల్యాన్ పోర్టుకు పెట్టాలి. గోడకు గుచ్చే చిన్న రిపీటర్లు చవకే కానీ, ఒకే బ్యాండ్ మీద సంకేతాన్ని అందుకొని మళ్ళీ పంపడం వల్ల వేగం సుమారు సగానికి తగ్గుతుంది. వైరు లాగే వీలు లేకపోతే మెష్ సెట్టు (ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటూ ఒకే వైఫైని పంచే రెండు మూడు పెట్టెల జత) మేలు. దాని రెండో పెట్టెను సిగ్నల్ అసలు రాని గదిలో పెడితే ఫలితం ఉండదు. ఇంకా బాగా అందుతున్న చోట, మెట్ల మలుపు వంటి మధ్య స్థానంలో ఉంచాలి. ప్రధాన రౌటర్‌ను కూడా ఇనుప బీరువా వెనుకనో టీవీ కిందనో దాచకుండా, ఇంటి నడుమ, తలెత్తులో పెట్టాలి.

కొత్త రౌటర్‌ను ఓఎన్‌టీకి కలిపినప్పుడు రెండూ రౌటర్లుగా పనిచేస్తే కొన్ని ఆటలకు, ఇంటి కెమెరాలను బయటినుంచి చూడడానికి ఇబ్బంది రావచ్చు. ఓఎన్‌టీని బ్రిడ్జ్ మోడ్‌లో, అంటే రౌటర్ పని మానేసి సంకేతాన్ని మార్చి పంపడం మాత్రమే చేసేలా, పెట్టమని సర్వీసువారిని అడగండి. వారు కాదంటే కొత్తదానిని యాక్సెస్ పాయింట్ మోడ్‌లో నడపండి.

కరెంటు పోయినా నెట్ నిలవాలంటే రౌటర్‌కు మాత్రమే కాక ఓఎన్‌టీకి కూడా మినీ యూపీఎస్ ఉండాలి. అడాప్టర్ మీద 12 వోల్టులని ఉందో 9 వోల్టులని ఉందో చదివి, అదే వోల్టేజీ ఇచ్చేదానిని తీసుకోండి. ఆంపియర్లు సమానంగానో ఎక్కువగానో ఉండవచ్చు, తక్కువ కాకూడదు.

భద్రతకు వైఫై సంకేతాన్ని ఇతరులు చదవలేకుండా కాపాడే డబ్ల్యూపీఏ 3, కనీసం డబ్ల్యూపీఏ 2 ఉండాలి. బిగించిన రోజే అడ్మిన్ పాస్‌వర్డ్ మార్చి, డబ్ల్యూపీఎస్‌ను (పాస్‌వర్డ్ టైపు చేయకుండా బటన్‌తోనో పిన్‌తోనో కలిపే సదుపాయాన్ని) ఆపేయండి. వాపసు గడువు ఉన్న దుకాణంలోనే కొని, ఆ గడువు లోపల ఒక రాత్రి, ఇరుగుపొరుగు వైఫైలన్నీ జోరుగా నడిచే వేళ, ఇంట్లో అన్నిటికంటే దూరపు గదిలో తలుపు వేసుకొని వీడియో కాల్ చేసి చూడండి.