పాత పికప్ వెనక డోర్ బాగుచేయడం – 3వ పాఠం: చిరిగిన లాచ్ చోటుకు లోపలి పట్టీ

కిందటి పాఠంలో డోర్ విప్పి బల్ల మీద పడుకోబెట్టాం. హ్యాండిల్ నుంచి రెండు వైపులకూ వెళ్ళే రాడ్లు ఊడదీసి, లాచ్‌లు (డోర్ మూశాక పట్టి ఉంచే గొళ్ళేలు) పక్కన పెట్టి, అవి కూర్చునే చోట రేకును వైర్ బ్రష్‌తో మెరిసేదాకా గీకాం. ఇప్పుడు అసలు దెబ్బ ఎక్కడుందో తెలుస్తోంది. గుండ్రంగా ఉండాల్సిన బోల్టు బెజ్జం కోలగా సాగిపోయింది. దాని అంచు నుంచి ఒకటో రెండో పగుళ్ళు బయల్దేరాయి. లోపలి నట్టు అతుకు ఊడిపోయి బోల్టుతో పాటే గిరగిరా తిరుగుతోంది.

ఇది చూడగానే ఎవరికైనా వచ్చే ఆలోచన, పెద్ద వాషర్ ఒకటి వేసి బిగించేద్దామని. కొన్నాళ్ళు నడుస్తుంది కూడా. కానీ అక్కడి రేకు మందం మిల్లీమీటరు అటూ ఇటూ. పైగా తుప్పు తిని, సాగి, నీరసించిపోయి ఉంది. డోర్ కొట్టుకున్న ప్రతిసారీ ఆ బరువంతా వాషర్ అంచు దగ్గరే పడుతుంది, కొత్త పగులు ఆ వాషర్ కిందే మొదలవుతుంది. పైకి ఏమీ కనపడదు. మనం చేయాల్సింది ఆ బరువును దెబ్బతినని రేకు మీదికి పంచడం. అందుకే లోపల ఒక ఉక్కు పట్టీ.

ముందుగా పగుళ్ళ పని. పగులు కంటికి కనిపించే చోటితో ఆగదు, సన్నగా ఇంకాస్త ముందుకు పాకి ఉంటుంది. చివర నుంచి రెండు మూడు మిల్లీమీటర్లు అవతల సెంటర్ పంచ్ కొట్టి, 3 మి.మీ. బిట్‌తో చిల్లు వేయండి. పగులు ఆ గుండ్రటి అంచు దగ్గర ఆగిపోతుంది. తుప్పుకు జల్లెడైపోయిన రేకు ఉంటే మొహమాటం లేకుండా కోసేయండి, తుప్పు మీద వెల్డింగ్ నిలవదు.

పట్టీకి 3 మి.మీ. మైల్డ్ స్టీల్ చాలు. అంతకంటే మందం తీసుకుంటే బరువు తప్ప లాభం లేదు, పైగా పలచటి రేకుకు అతకడం కష్టం. ముందు అట్ట ముక్కతో నమూనా కత్తిరించండి. దెబ్బతిన్న భాగం దాటి నలువైపులా కనీసం 25 మి.మీ. మంచి రేకును కప్పాలి. మూలలు గుండ్రంగా ఉండాలి, ఎందుకంటే వాడి మూల ఉన్నచోటే మళ్ళీ పగులు పుడుతుంది. ఇనుము కోసే ముందు ఆ అట్టను డోర్ లోపలి మూత తీసిన సందులోంచి ఒకసారి దూర్చి చూడండి. పట్టీ అందంగా తయారై, లోపలికి మాత్రం దూరకపోతే పని మళ్ళీ మొదటికొస్తుంది. రేకుకు మడతో వంపో ఉంటే పట్టీని కూడా అలాగే వంచాలి. మధ్యలో సందు మిగిలిందంటే వెల్డింగ్‌లో రేకు కరిగి చిల్లు పడుతుంది.

పట్టీ వెనక నట్లు అతికేటప్పుడు పాత బోల్టు ఒకటి బిగించి ఉంచండి, నట్టు వంకర పోదు. పూత ఉన్న నట్లయితే జింకును గ్రైండర్‌తో తీసేయండి. జింకు పొగ పీలిస్తే జ్వరం వస్తుంది, గాలి ఆడే చోటే పని పెట్టుకోండి. వేడికి మరలు కాస్త బిగుసుకుంటాయి కాబట్టి చల్లారాక ట్యాప్ (నట్టు లోపలి మరలు కోసే పనిముట్టు) దింపి శుభ్రం చేయాలి. ఎం8 (8 మి.మీ.) బోల్టుకు సాధారణంగా 1.25 మి.మీ. పిచ్, అంటే మరకూ మరకూ మధ్య దూరం, ఉంటుంది, మీ బోల్టు కొలిచి చూసుకోండి.

ఈ పాఠంలో నెమ్మదిగా చదవాల్సింది ఇక్కడి నుంచి. కొత్త బోల్టుల స్థానం ఎక్కడ? పాత బెజ్జాన్ని నమ్మకండి, అది ఎటు సాగిందో ఎవరు చూశారు! స్థానం చెప్పాల్సింది బండి వెనక సామాను తొట్టి పక్కనున్న స్ట్రైకర్, అంటే లాచ్ పట్టుకునే కొక్కెం. అందుకని రేకులోని బెజ్జాలను బోల్టు కంటే 3 మి.మీ. పెద్దవి చేయండి. పట్టీని లోపల పెట్టి, లాచ్‌ను బయట పెట్టి, బోల్టులు చేతి బిగువు వరకే తిప్పండి. గట్టిగా తోస్తే కదలాలి, వదిలేస్తే జారకూడదు.

ఇప్పుడు డోర్‌ను బండికి తగిలించండి. రాడ్లు లేవు కాబట్టి లాచ్ మీటకు ఒక దారం కట్టి, లోపలి సందులోంచి బయటికి తీసి పెట్టుకోవడం మరవకండి. దారం లేకుండా డోర్ మూసుకుంటే దాన్ని తెరవడానికి పడే టెన్షన్ వేరే పాఠం అవుతుంది. చెక్క చీలికలు పెట్టి రెండు పక్కలా సందు సమానంగా వచ్చేలా సర్దండి, పై అంచు తొట్టి అంచుతో వరసలో ఉండాలి. ఆ తర్వాత డోర్‌ను మెల్లగా నొక్కండి. లాచ్ స్ట్రైకర్‌ను పట్టుకునే క్షణంలో తనకు కావాల్సినంత పక్కకు జరుగుతుంది, దానితో పాటే లోపలి పట్టీ కూడా. తొట్టిలో నిలబడి, సందులోంచి చెయ్యి పెట్టి, పట్టీ చుట్టూ సూదితో గీత గీయండి. దారం లాగి తెరిచి, మూసి, మళ్ళీ తెరిచి చూడండి. గీత దగ్గరే పట్టీ నిలిస్తే అదే మీ స్థానం. రెండో వైపు కూడా ఇదే పద్ధతి, కానీ ఒకవైపు చూసి రెండోవైపు కొలిచేయొద్దు. పాత బండికి కుడీ ఎడమా ఒకటి కావు.

వెల్డింగ్‌కు డోర్ మళ్ళీ బల్ల మీదికే రావాలి. బండికి ఉండగానే అతికితే బ్యాటరీ, ట్యాంకు, వైర్లు, అన్నీ భయమే. డోర్ లోపల పాత మైనం, స్పాంజి ముక్కలు ఉంటే తీసేయండి, అంటుకుంటాయి. లాచ్ కూర్చునే చోటు వదిలి, చుట్టూ రేకుకు 8 మి.మీ. చిల్లులు వేసి, వాటిలోంచి పట్టీకి అతకాలి. పట్టీని గీత మీద క్లాంపులతో బిగించండి. మంట గురి ఎప్పుడూ చిల్లు మధ్యలో కనిపించే మందపాటి పట్టీ మీదే ఉండాలి. అక్కడ కరిగాక గుండ్రంగా తిప్పుతూ రేకు అంచుకు రండి. రేకు మీద మొదలుపెడితే అది ముందే కరిగి కారిపోతుంది. ఒక టాకా (ఒక చిల్లులోని అతుకు) ఈ మూల, తర్వాతది ఎదురు మూల. మధ్యలో చెయ్యి ఆనించగలిగేంత చల్లారనివ్వండి, లేకపోతే రేకు అలలు తేలుతుంది.

వెల్డింగ్ మెషిన్ లేనివాళ్ళు పట్టీని స్టీల్ రివెట్లతో బిగించుకోవచ్చు. అల్యూమినియం రివెట్లు వద్దు, ఊగిసలాటకు త్వరగా అరిగి వదులవుతాయి. వీటి తలలు లాచ్ కింద పడకుండా చూసుకోండి.

టాకాలు చదును చేసి, ఎపాక్సీ ప్రైమర్ వేయండి. లోపలివైపు, అంటే పట్టీకీ రేకుకూ మధ్య అంచుల్లో, నీళ్ళు నిలుస్తాయి. అక్కడ రంగు ఆరిన తర్వాత క్యావిటీ వ్యాక్స్ (తుప్పు పట్టకుండా లోపలి సందుల్లో కొట్టే మైనం) చల్లండి. డోర్ అడుగున నీళ్ళు పోయే చిల్లులు మాత్రం మూసుకుపోకుండా పుల్లతో పొడిచి చూడండి.

వచ్చే పాఠానికి ముందు ఒక పని: రాడ్లు లేకుండానే డోర్ తగిలించి, దారంతో పదిసార్లు తెరిచి మూయండి. మూసినప్పుడు రెండు లాచ్‌లూ ఒకేసారి టక్‌మనాలి. ఒకటి ముందు, ఒకటి వెనక వినపడితే ఏ వైపు ఆలస్యమో రాసి పెట్టుకోండి, స్ట్రైకర్ కింద షిమ్ (ఎత్తు సర్దే పలచటి రేకు ముక్క) ఎంత వేయాలో, రాడ్ల పొడవు ఎలా సర్దాలో 4వ పాఠంలో దానితోనే మొదలుపెడదాం.