లె పుయి నుంచి కాంక్‌కు కాలినడకన

ఫ్రాన్స్‌లోని లె పుయి పట్టణం నుంచి స్పెయిన్‌లోని సాంతియాగోకు వెళ్లే ప్రాచీన యాత్రామార్గంలో, తొలిసారి నడిచేవారు కాంక్ గ్రామం వరకు ఉన్న సుమారు 200 కిలోమీటర్లతో మొదలుపెట్టడం మంచిది. దారి పొడవునా చెట్లమీద, రాళ్లమీద తెలుపు, ఎరుపు పట్టీలు కనిపిస్తాయి. ఆ రంగులతోనే ఇంటూ గుర్తు ఉంటే అటు వెళ్లకూడదు. దారిలో వచ్చే ఓబ్రాక్ పీఠభూమి చెట్టూ చేమా అంతగా లేని పచ్చికబయలు కనుక, మే నెలలో కూడా చలిగాలికీ వానకూ సిద్ధపడి నడవాలి. యాత్రికుల బసలను ముందే ఫోనులో ఖాయం చేసుకొని, మాంసం తినని సంగతి అప్పుడే చెబితే, మెత్తగా మెదిపిన బంగాళాదుంపలో తాజా చీజ్ కలిపి, గరిటెతో ఎత్తితే తీగలు సాగేలా చేసే అలిగో వడ్డించవచ్చు. అసలు కష్టమంతా దిగుడులోనే ఉంది: కాంక్‌కు దిగే నిట్టనిలువు రాళ్లబాటలో, ముఖ్యంగా వాన వెలిసిన వెంటనే, చేతికర్రలు లేకుండా అడుగు వేయవద్దు.