చెన్నైలో ఉంటూ పిల్లల్ని నవోదయలో చేర్చాలంటే రెండో తరగతిలోనే తేల్చుకోండి

ప్రతి ఏడూ నవోదయ (ఆరో తరగతికి పరీక్ష పెట్టి పిల్లల్ని చేర్చుకునే కేంద్ర ప్రభుత్వ హాస్టల్ బడి) నోటిఫికేషన్ పడగానే వ్యాసర్‌పాడి నుంచో, కొరుక్కుపేట నుంచో ఎవరో ఒకరు ఫోన్ చేస్తారు. "అన్నా, మావాడు ఐదో తరగతి, అప్లికేషన్ ఎక్కడ పెట్టాలి?" అని. చెన్నైలో చదివే పిల్లాడికి ఎక్కడా పెట్టలేమమ్మా అని చెప్పడానికి ప్రతిసారీ నాకు గొంతు పెగలదు. అందుకే ఇదంతా ఒకచోట రాస్తున్నా.

ముందు రూలు. పిల్లాడు ఐదో తరగతి ఏ జిల్లాలో చదువుతుంటే ఆ జిల్లా నవోదయకే అప్లై చేయాలి, ఆ జిల్లాలోనే నివాసం కూడా ఉండాలి. దేశంలో 650కి పైగా నవోదయలు ఉన్నా తమిళనాడులో ఒక్కటీ లేదు. 1986 జాతీయ విద్యా విధానంతో ఈ స్కూళ్లు వచ్చినప్పుడే తమిళనాడు వద్దంది. 1968 నుంచి ఇక్కడ రెండు భాషల విధానం, నవోదయలో మూడు భాషలు, అందులో హిందీ. 2017లో మద్రాస్ హైకోర్టు మదురై బెంచ్ నవోదయలకు దారి ఇవ్వమని తీర్పు చెబితే, ఆ ఏడాది చివర్లోనే సుప్రీంకోర్టు స్టే ఇచ్చింది. భాష గురించి తమిళుల భయం నాకు అర్థమవుతుంది. మన తెలుగు మీడియం బడులు ఇక్కడ ఎలా చిక్కిపోయాయో చూసినవాణ్ణి కాబట్టి భాష చిన్న విషయమని నేను అనను. కానీ ఊళ్లలోని పేద పిల్లలకు తిండి, హాస్టల్, పుస్తకాలు ఇచ్చి చదివించే బడి ఒకటి ఈ రాష్ట్రానికి దక్కకుండా పోయింది, అది నష్టమే. పైగా ఈ ఆలోచన వెనక మనవాడున్నాడు. పీవీ ముఖ్యమంత్రిగా 1971లో నల్గొండ జిల్లా సర్వేలులో గురుకులం పెట్టించారు, నవోదయలు వచ్చేనాటికి కేంద్రంలో మానవ వనరుల మంత్రి ఆయనే.

సరే, ఏం చేయాలి? సొంతూళ్లో అమ్మమ్మో నానమ్మో ఉంటే, పిల్లల్ని అక్కడ చదివించడం మీకు ఇష్టమైతే, రెండో తరగతి అయ్యేలోపే నిర్ణయం తీసుకోండి. ఎందుకంటే కనీసం 75 శాతం సీట్లు పల్లె పిల్లలవి. ఆ కోటాలో రావాలంటే 3, 4, 5 తరగతులు మూడూ పూర్తిగా గ్రామీణ ప్రాంతంలోని గుర్తింపు ఉన్న బళ్లోనే చదవాలి. మధ్యలో ఒక్క రోజు పట్నం బళ్లో చదివినా పట్నం కిందే లెక్క. మా అక్క కొడుకుని మూడో తరగతికి సూళ్లూరుపేట దగ్గర వాళ్ల నానమ్మ ఊరికి పంపాం. మూర్ మార్కెట్ నుంచి లోకల్ ట్రైన్ ఉంది కాబట్టి అక్క ప్రతి ఆదివారం వెళ్లొచ్చేది. మొదటి నెల తిరుగు బండిలో గుమ్మిడిపూండి దాకా ఏడుస్తూనే వచ్చేదట. ఇది కూడా లెక్కలో వేసుకోండి.

పేరు అక్కడి రిజిస్టర్‌లో రాయించి పిల్లాణ్ణి ఇక్కడే ఉంచుకోవచ్చని చెప్పే బ్రోకర్ల మాట వినకండి. సీటొచ్చాక కాగితాలన్నీ చూస్తారు, తేడా వస్తే సీటు పోతుంది, పిల్లాడి ముందు మీరు అబద్ధమాడినట్టూ అవుతుంది. కొత్త జిల్లాలయ్యాక మీ ఊరు ఏ నవోదయ కిందకి వస్తుందో ప్రాస్పెక్టస్‌లో ఒకసారి చూసుకోండి. నెల్లూరుది మర్రిపాడు మండలం కృష్ణాపురంలో, పాత చిత్తూరుది మదనపల్లె దగ్గర వలసపల్లెలో ఉన్నాయి. అప్లికేషన్ ఆన్‌లైన్‌లోనే, ఫీజు లేదు. హెడ్మాస్టర్ సంతకంతో సర్టిఫికెట్ అప్‌లోడ్ చేయాలి, ఆ సంతకం చివరి వారానికి పెట్టుకోకండి.

పరీక్ష రెండు గంటలు, 80 ప్రశ్నలు, 100 మార్కులు. లెక్కలకు 25, భాషకు 25, మిగతా 50 మెంటల్ ఎబిలిటీవే, అంటే బొమ్మలు. తల్లిదండ్రులు లెక్కల మీదే పడతారు గానీ సీటు తేలేది ఈ బొమ్మల్లోనే. కాగితం మడిచి చిల్లు పెడితే విప్పాక ఎలా ఉంటుందనే ప్రశ్న మావాడికి అసలు ఎక్కలేదు. పాత క్యాలెండర్ కాగితం తీసి రెండుసార్లు సగానికి మడిచి, పిన్నుతో ఒక మూల గుచ్చి, విప్పకముందే చిల్లులు ఎక్కడుంటాయో వాణ్ణి పెన్సిల్‌తో గుర్తు పెట్టమన్నా. మొదట ఒక్క చుక్కే పెట్టాడు. విప్పితే నాలుగున్నాయి. ఆ కాగితం వైపు చాలాసేపు చూసి, మళ్లీ మడిచి, ఇంకో మూల వాడే గుచ్చాడు. వారం తిరిగేసరికి తప్పులు ఆగిపోయాయి. అద్దంలో బొమ్మలకు మా అక్క పౌడర్ అద్దమే వాడాం. నెగెటివ్ మార్కులు లేవు, కాబట్టి ఒక్క ప్రశ్న కూడా వదలొద్దని చెప్పండి. ఓఎంఆర్ షీట్‌లో పెన్నుతో గుండ్రాలు దిద్దడం ముందే అలవాటు చేయండి. మీ బిడ్డ ఇంగ్లీషు మీడియం నుంచి వచ్చి తెలుగు తడుముకుంటూ చదువుతుంటే, పరీక్ష ఇంగ్లీషులోనే రాయించండి.

ఒక్కో స్కూల్లో గరిష్ఠంగా 80 సీట్లు. ఆరో తరగతికి రెండోసారి రాయనివ్వరు. పదేళ్ల పిల్లల్ని ఇలా వడపోయడం తప్పని వాదించేవాళ్లు ప్రపంచమంతా ఉన్నారు. ఇంగ్లండ్ 1965 తర్వాత ఇలా పరీక్ష పెట్టి పిల్లల్ని ఎంచుకునే గ్రామర్ స్కూళ్లను చాలావరకు ఎత్తేసింది, ఇప్పుడక్కడ 163 మిగిలాయి. మన దగ్గరా 2008లో బ్లాకుకొకటి చొప్పున 6,000 మోడల్ స్కూళ్లన్న కేంద్రం 2015లో నిధులు ఆపి రాష్ట్రాలకు వదిలేసింది. అంటే పోటీ పడే పిల్లలు పెరిగినా బడులు ఆ లెక్కన పెరగలేదు. మీ బిడ్డకి సీటు రాకపోతే అది వాడి తెలివి తక్కువై కాదు, ఆ మాట ఫలితాలకు ముందే ఇంట్లో అందరూ వాడికి వినిపించేలా అనండి.

మావాడికి వెయిటింగ్ లిస్టులో కూడా రాలేదు. మళ్లీ చెన్నై తెచ్చేద్దామని అక్క పట్టుబట్టింది, నేనే ఆపాను. తొమ్మిదో తరగతిలో ఖాళీలకు ఇంకో పరీక్ష ఉంది, దానికి ఎనిమిదో తరగతి కూడా ఆ జిల్లాలోనే చదువుతూ ఉండాలి.