కార్గో ట్రైలర్‌లో వేట విడిది: చలి కన్నా ముందు చెమ్మ సంగతి చూడండి

అమెరికాలో నవంబరు డీర్ సీజన్‌కో, కొలరాడో కొండల్లో ఎల్క్ (పెద్ద దుప్పి) వేటకో వెళ్ళే నలుగురికి గుడారం కన్నా ట్రక్కు వెనక లాగే ఎన్‌క్లోజ్డ్ (అన్ని వైపులా మూసిన) కార్గో ట్రైలర్ చాలా నయం. గాలికి ఊగదు, తాళం వేసుకోవచ్చు, సీజన్ అయిపోయాక మళ్ళీ సామాను మోసుకుంటుంది. అయితే అది సరుకు కోసం కట్టిన పెట్టె. సరుకు ఊపిరి పీల్చదు. నలుగురు తలుపులు బిగించుకుని పడుకుంటే తెల్లారేసరికి ఒక్కొక్కరి ఊపిరి నుంచీ ఒంటి నుంచీ పావు లీటరుకు పైనే నీరు గాలిలో కలుస్తుంది. అది పోయే దారి లేక బయటి రేకుకూ, గోడల్లో నిలువుగా ఉండే ఉక్కు పోస్టులకూ పట్టి, పొద్దున పరుపుల మీదికి కారుతుంది. బూజు, మగ్గిన వాసన, పొరలు విడిచిన ప్లైవుడ్, అన్నిటికీ మూలం ఇదే. కింద చెప్పే పనుల్లో సగం ఈ నీటిని దారిలో పెట్టడానికే.

ట్రైలర్ ఎంపిక

నలుగురికైతే 7 అడుగుల వెడల్పు, 14 అడుగుల పొడవు, రెండు ఇరుసులు, లోపల ఆరున్నర అడుగుల ఎత్తు ఉన్నది చూడండి. ముందు భాగం వీ ఆకారంలో ఉంటే వంట బల్లకు చోటు కలిసొస్తుంది. 6 అడుగుల ట్రైలర్ లోపలి వెడల్పు 70 అంగుళాలకు అటూ ఇటూ ఉంటుంది. అందులో రెండు వైపులా పడకలు వేస్తే మధ్యలో నడవడానికి చోటు ఉండదు, అడ్డంగా వేస్తే పొడుగువాళ్ళకు కాళ్ళు చాపడం కుదరదు. ఇద్దరికి సరే, నలుగురికి వద్దు.

కొనేముందు జీవీడబ్ల్యూఆర్ స్టిక్కరు చదవండి. బండి బరువుతో కలిపి మోయదగ్గ మొత్తం బరువు అది. ఒకే ఇరుసున్న 6×12 ట్రైలర్లకు సాధారణంగా 2,990 పౌండ్లు రాసి ఉంటుంది. ఖాళీ బండే 1,300 వరకు తూగుతుంది. రెండు ఇరుసుల 7×14కు 7,000 పౌండ్లు ఉంటుంది కాబట్టి చెక్క, పరుపులు, నీళ్ళు, తిరుగు ప్రయాణంలో మాంసం అన్నీ పోనూ మిగులుతుంది. 4×8 అడుగుల అరంగుళం ప్లైవుడ్ షీటు ఒక్కటే 45 పౌండ్ల పైన. 15 గ్యాలన్ల నీళ్ళు 125 పౌండ్లు. ఇవి చూస్తుండగానే కూడిపోతాయి. చాలా రాష్ట్రాల్లో మొత్తం బరువు 3,000 పౌండ్లు దాటిన ట్రైలర్‌కు బ్రేకులు తప్పనిసరి. లాగే ట్రక్కులో బ్రేక్ కంట్రోలర్ (ట్రైలర్ బ్రేకులను నడిపే పరికరం) లేకపోతే ట్రైలర్‌కు ఎలక్ట్రిక్ బ్రేకులు ఉన్నా లేనట్టే.

పాత బండి కొంటే తలుపులు మూసి, లోపల టార్చి ఆర్పి, పట్టపగలు పైకప్పు వైపు చూడండి. చుక్కంత వెలుతురు కనబడినా అక్కడ నీళ్ళు దిగుతాయి. వెనక తలుపు దగ్గర ఫ్లోర్ ప్లైవుడ్‌ను స్క్రూడ్రైవర్‌తో పొడవండి. మెత్తగా దిగితే అది కుళ్ళింది.

ముందుగా కోతలు

కిటికీలు, పైకప్పు వెంటు (గాలి పోయే దారి), హీటరు రంధ్రాలు, వైరింగ్ ముందు. ఇన్సులేషన్ తర్వాత. ఈ వరుస తప్పితే కట్టింది విప్పాల్సి వస్తుంది.

లోపలి ప్లైవుడ్ పలకలను విప్పేటప్పుడు ఒక్కో పలక వెనక నంబరు రాసుకోండి. పోస్టులు 16 లేదా 24 అంగుళాలకు ఒకటి ఉంటాయి. కిటికీని పోస్టుల మధ్యే పెట్టండి, పోస్టును కోయకండి. బయట రేకు మీద కోత గీత చుట్టూ పెయింటర్స్ టేపు అంటించి, లోహం కోసే బ్లేడుతో జిగ్ సా (చేతి కరెంటు రంపం) నడపండి. టేపు లేకపోతే సా అడుగు రేకును గీసేస్తుంది. కోసిన చోట లోపల చుట్టూ గోడ మందానికి సరిపడా చెక్క ఫ్రేము పెట్టండి. ఆర్‌వీ (ఇల్లులా వాడే బండి) కిటికీ లోపలి రింగు దాన్ని పట్టుకునే బిగుస్తుంది. ఫ్రేము లేకుండా బిగిస్తే పలుచని రేకు లోపలికి వంగి, ఆ వంపులోంచే వాన దిగుతుంది.

కిటికీ అంచు కింద బ్యూటైల్ టేపు (మెత్తటి జిగురు పట్టీ), పైకప్పు వెంటు అంచు కింద కూడా అదే. వెంటు స్క్రూల తలలను పైనుంచి సెల్ఫ్ లెవెలింగ్ సీలెంట్‌తో కప్పండి. సిలికాన్ జోలికి పోకండి. రెండేళ్ళకు అంచు లేస్తుంది, దాని మీద మరే సీలెంటూ పట్టదు, గీకి తీయడానికే ఓ పూట పడుతుంది.

ఇన్సులేషన్

ఫైబర్‌గ్లాస్ వద్దు. తడి పీల్చుకుని కిందికి జారిపోతుంది, ఎలుకలకు పరుపు అవుతుంది. ఎక్స్‌పీఎస్ అనే గట్టి ఫోమ్ బోర్డు వాడండి. దాని ఆర్ విలువ (వేడిని ఆపే శక్తి) అంగుళానికి 5. పాలీఐసో అనే మరో రకం ఫోమ్ బోర్డుకు కాగితం మీద ఎక్కువే ఉన్నా చలి ముదిరే కొద్దీ తగ్గుతుంది.

పోస్టుల మధ్య ఖాళీకి అంగుళం లేదా అంగుళంన్నర బోర్డును బిగుతుగా కోసి దూర్చండి. అంచుల్లో సందులకు కిటికీల కోసం అమ్మే తక్కువ ఉబ్బే ఫోమే కొట్టండి. మామూలు ఫోమ్ ఉబ్బి రేకును బయటికి తోస్తుంది. ఆ ఉబ్బు మళ్ళీ లోపలికి పోదు.

చాలామంది ఇక్కడితో ఆపి ప్లైవుడ్ బిగించేస్తారు. అసలు చిక్కు అక్కడే. ఫోమ్ ఎంత బాగున్నా ఉక్కు పోస్టు బయటి చలిని నేరుగా లోపలికి తెస్తుంది. గడ్డకట్టే రాత్రి తెల్లవారుజామున గోడ మీద టార్చి వేసి చూస్తే ప్లైవుడ్ పొడిగా ఉంటుంది. కానీ పోస్టుల వరసలో ఉన్న ప్రతి స్క్రూ తల మీదా ఆవగింజంత నీటి బొట్టు మెరుస్తుంటుంది. కొన్నాళ్ళకు ఆ స్క్రూల చుట్టూ నల్లటి వలయాలు పడతాయి. మందు ఒక్కటే. పోస్టుల మీదుగా గోడంతా అరంగుళం ఫోమ్ పరచి, అతుకులకు ఫాయిల్ టేపు వేసి, ఆ తర్వాత 3/8 అంగుళం ప్లైవుడ్ బిగించండి. వెడల్పు మొత్తం మీద అంగుళం పోతుంది, పోనివ్వండి. తడి గాలి పోస్టు దాకా చేరకపోతే బొట్టు పుట్టదు. స్క్రూ తల మాత్రం కొంత చల్లగానే ఉంటుంది, తల మీద చిన్న చెక్క పట్టీ కొడితే అదీ పోతుంది.

స్క్రూ పొడవు లెక్కేసుకోండి. ప్లైవుడ్, ఫోమ్ కలిపి 7/8 అంగుళం. పోస్టు లోతు అంగుళమే అయితే 1¼ అంగుళాల సెల్ఫ్ డ్రిల్లింగ్ స్క్రూ చాలు. 2 అంగుళాలది కొడితే మొన బయటి రేకును చీల్చుకుని వస్తుంది. పైకప్పులోనూ ఇదే పద్ధతి. ఫోమ్‌ను ఎక్కడా బయటికి కనబడేలా వదలకండి, అంటుకుంటే విషపు పొగ కక్కుతుంది.

ఫ్లోర్ మీద అంగుళం ఎక్స్‌పీఎస్, దానిపై అరంగుళం ప్లైవుడ్. ఎత్తు అంగుళంన్నర తగ్గుతుంది. ఏటీవీ (అడవి దారుల్లో నడిపే చిన్న బండి) ఎక్కించే ఉద్దేశం ఉంటే ఆ బరువు ఫోమ్‌ను ఒకేచోట నొక్కకుండా పై ప్లైవుడ్ ముప్పావు అంగుళం వేయండి.

హీటరు

ముందు ఎంత వేడి కావాలో చూద్దాం. 7×14 పెట్టెకు గోడలు, పైకప్పు, ఫ్లోర్ కలిపి సుమారు 470 చదరపు అడుగులు. పోస్టులూ తలుపులూ లాగేసే వేడి పోను సగటు ఆర్ విలువ 4 అనుకోండి. బయట 15, లోపల 65 డిగ్రీల ఫారెన్‌హీట్ ఉండాలంటే గంటకు 5,900 బీటీయూలు (వేడి కొలత), సందుల గాలికి ఇంకొంత. అంటే 2 కిలోవాట్ల డీజిల్ హీటరు, దాదాపు 6,800 బీటీయూలు, సరిగ్గా సరిపోతుంది. ఇంకా చలి ప్రాంతమైతేనే 5 కిలోవాట్లది. పెద్దది కొని రోజంతా సన్నమంట మీద నడిపితే లోపల మసి పేరుకుని వారంలో మొరాయిస్తుంది. ఏ సైజుదైనా ఆపే ముందు పదిహేను నిమిషాలు పూర్తి మంట మీద నడపండి. మీట నొక్కాక ఫ్యాన్ ఆగేదాకా కరెంటు తీయకండి, లోపలి వేడి బయటికి పోక భాగాలు కాలిపోతాయి.

గొట్టం లేని ప్రొపేన్ హీటరు చవక, నిమిషంలో వెలుగుతుంది. కానీ ఒక పౌండు ప్రొపేన్ కాలితే పౌండున్నరకు పైగా నీటి ఆవిరి పుడుతుంది. 4,000 బీటీయూల సన్నమంట మీద ఎనిమిది గంటలు నడిస్తే లీటరుకు పైనే నీళ్ళు, మనుషుల ఊపిరికి అదనంగా. పైగా అది గదిలోని ఆక్సిజన్‌నే వాడుకుంటుంది. ఆక్సిజన్ తగ్గితే ఆపే సెన్సరున్నవి 7,000 అడుగులు దాటిన ఎత్తులో వాటంతటవే ఆరిపోవచ్చు. పొద్దున చేతులు కాచుకోవడానికి, వెంటు తెరిచి, సరే. రాత్రంతా వేసుకుని పడుకోవడానికి మాత్రం కాదు.

డీజిల్ హీటరు మంట గాలిని బయటి నుంచే తీసుకుని పొగను బయటికే వదులుతుంది, లోపలికి వచ్చేది పొడి వేడి. పొగ గొట్టాన్ని ఫ్లోర్‌లోంచి లోహపు తొడుగు గుండా దించి, చెక్కకు ఎక్కడా తగలకుండా, ట్రైలర్ అంచు దాటేదాకా తీసుకెళ్ళండి. బండి కిందే వదిలేస్తే పొగ ఫ్లోర్ సందుల్లోంచి లోపలికి ఎక్కుతుంది. గాలి తీసుకునే గొట్టాన్ని దానికి దూరంగా, వేరే వైపు తిప్పండి. డీజిల్ పంపును బయటికి పోసే మొన పైకి ఉండేలా ఏటవాలుగా, రబ్బరు బుష్షు మీద బిగించండి. లేకపోతే టక్ టక్ మని రాత్రంతా నిద్ర పట్టనివ్వదు. చలికి మామూలు డీజిల్ జెల్లీ అవుతుంది కాబట్టి శీతాకాలపు డీజిల్ పోయండి. 5 గ్యాలన్ల డబ్బా ముందు టంగ్ (ట్రక్కుకు తగిలించే కాడి) మీద బయట ఉండాలి, వారానికి పైనే వస్తుంది.

ఏ హీటరైనా పైకప్పు వెంటు అంగుళం తెరిచే ఉంచండి, దానికి అవతలి కొసన కింద ఒక చిన్న గాలి దారి వదలండి. వేడి పోతుందని వెంటు మూయడం అందరూ చేసే తప్పు. కార్బన్ మోనాక్సైడ్ అలారం పడకల ఎత్తులో, ప్రొపేన్ అలారం నేలకు దగ్గరగా. ప్రొపేన్ గాలి కన్నా బరువు, కిందే చేరుతుంది. సిలిండరు బయట టంగ్ మీదే.

కరెంటు

100 యాంపియర్ అవర్ల లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ ఒకటి చాలు. హీటరు గంటకు 1.5 యాంపుల లెక్కన పది గంటలకు 15, వెంటు ఫ్యాను 10, లైట్లు, ఫోన్లు కలిపి 10. రోజుకు 35 నుంచి 40. అంటే రెండు రోజులు నిశ్చింత. ఆపైన జనరేటరు. నవంబరు ఎండను, అదీ చెట్ల కింద, నమ్ముకుని ఒక్క 100 వాట్ల సోలార్ ప్యానెల్‌తో సరిపెట్టకండి. ఈ బ్యాటరీని 32 డిగ్రీల ఫారెన్‌హీట్ కన్నా చల్లగా ఉన్నప్పుడు చార్జి చేస్తే పాడవుతుంది, కాబట్టి టంగ్ మీద కాదు, లోపలే పెట్టండి.

మెయిన్ ఫ్యూజును బ్యాటరీ పాజిటివ్ నుంచి 7 అంగుళాల లోపే పెట్టండి. హీటరు వెలిగేటప్పుడు గ్లో ప్లగ్ (మంట అంటించే వేడి కడ్డీ) కొన్ని నిమిషాలు 10 యాంపుల దాకా లాగుతుంది. దానికి విడిగా 10 గేజ్ (లావు) వైరు వేయండి. సన్న వైరులో వోల్టేజీ పడిపోతే బ్యాటరీ నిండుగా ఉన్నా హీటరు ఎర్రర్ చూపి ఆగిపోతుంది. జనం హీటరును తిడతారు, తప్పు వైరుది.

పడకలు, తలుపులు

వెనక భాగంలో రెండు గోడలకూ రెండేసి అంతస్తుల పడకలు. ఒక్కోటి 76 అంగుళాల పొడవు, 28 వెడల్పు. మధ్యలో దాదాపు రెండడుగుల దారి మిగులుతుంది. కింది పడక నేల నుంచి 18 అంగుళాలు, పైది 48. గోడ వైపు కీళ్ళు, బయటి వైపు గొలుసులు పెడితే ఏటీవీ ఎక్కించినప్పుడు పైకి మడవొచ్చు. కీళ్ళను ప్లైవుడ్‌కు కాదు, పోస్టుకే బిగించాలి. నిద్రలో మనిషి అటూ ఇటూ పొర్లితే ప్లైవుడ్ స్క్రూలు ఊడిపోతాయి. పరుపు కింద నిండు పలక వేయకండి, బద్దలు వేయండి. పలక మీద పరుపు అడుగున తడి చేరి నాలుగో రోజుకే బూజు వాసన మొదలవుతుంది.

వెనక తలుపు గొళ్ళేలు బయట మాత్రమే ఉంటాయి. ఎవరైనా బయట నుంచి వేసేస్తే, లేదా పక్క తలుపు దగ్గర మంట లేస్తే లోపలివాళ్ళు బోనులో పడ్డట్టే. పక్క తలుపుకు లోపలి నుంచి తెరుచుకునే ఆర్‌వీ తాళం, పడకల దగ్గర ఒక మనిషి దూరగల ఎమర్జెన్సీ కిటికీ తప్పనిసరి. మంటలార్పే సిలిండరును తలుపు పక్కనే తగిలించండి. తుపాకులను తూటాలు తీసి లోపల పెట్టండి. వాహనంలో తూటాలున్న తుపాకీని చాలా రాష్ట్రాలు ఒప్పుకోవు.

బరువు సర్దడం, నిలబెట్టడం

టంగ్ అంటే ఎడ్లబండి నొగ లాంటిదే, వెనక మొగ్గు అయితే బండి దారికి రాదు. మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం టంగ్ మీద పడాలి. అంతకన్నా తగ్గితే హైవే మీద తోక ఆడిస్తుంది. నీళ్ళు, బ్యాటరీ, వంట సామాను ముందు ఉంచి, మొదటి ప్రయాణానికి ముందు ట్రక్ స్టాప్ కాటా మీద తూచండి.

అడవిలో మొదట చక్రాల కింద పలకలు వేసి మట్టం చూసుకోండి, ఆ తర్వాతే మూలల జాకులు దించండి. ఈ స్టెబిలైజర్ జాకులు ఊగకుండా ఆపడానికే గాని బండిని ఎత్తడానికి కాదు, ఎత్తితే వంగుతాయి. చక్రాలు నేరుగా బురదలో ఉంటే రాత్రికి గడ్డకట్టి పొద్దున కదలవు, పలకలు అందుకు కూడా. చాలా నేషనల్ ఫారెస్టుల్లో ఒకేచోట 14 రోజులే ఉండనిస్తారు, కొన్నిచోట్ల లెక్క వేరు, రేంజర్ ఆఫీసులో అడగండి. వేటాడిన జంతువును ట్రైలర్‌లో వేలాడదీయకండి. ఆ తడీ వాసనా ఫోమ్ అతుకుల్లోకి పోతే వచ్చే సీజన్‌కు కూడా వదలవు.

సీజన్ అయ్యాక నీళ్ళన్నీ వదిలేసి, పరుపులను నిలబెట్టి, బ్యాటరీని సగం చార్జితో ఇంట్లోకి తెచ్చేయండి. వైర్లూ గొట్టాలూ దిగే రంధ్రాల్లో స్టీల్ ఉల్ కుక్కండి, ఎలుక దూరడానికి బొటనవేలంత సందు కూడా అక్కర్లేదు. వెంటు మీద వాన దిగని మూత వేసి, దాన్ని మాత్రం కాస్త తెరిచే ఉంచండి.